వెనక హాలు తలుపు

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఇంట్లోనూ గొళ్లెమే, ఆఫీసులోనూ గొళ్లెమే. ఆ పేరు పెట్టింది అక్క. రాత్రి భోజనం మధ్యలో లేచి వెళ్లి, వీధి తలుపు గొళ్లెం పడిందో లేదో లాగి చూసి వస్తే గానీ ఆమెకు ముద్ద దిగదు. చూసొచ్చి కూర్చున్నాక కూడా ఓ కన్ను తలుపు మీదే ఉంటుంది. "కంచం ముందు నుంచి లేవకే తల్లీ, ఆ తలుపేమీ కాళ్లొచ్చి నడిచిపోదు" అని అక్క రోజూ నెత్తి కొట్టుకునేది. అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకి తెలుసు.

నాన్న ఒక గోడౌన్‌కి కాపలా మనిషి. సాయంత్రం షట్టర్లు దించాక ఒక్కో తాళాన్నీ చేత్తో పట్టుకుని బలంగా లాగి చూసేవాడు. చిన్న కూతురు వెనకే తోకలా తిరిగేది. "వేసే ఉంది కదా నాన్నా, కనపడుతూనే ఉంది" అని ఒకసారి అంటే, "నీకూ కనపడుతోంది, నాకూ కనపడుతోంది, అయినా లాగు" అని ఆమె చేయి పట్టుకుని లాగించాడు. తాళం చేతిలోకి ఊడొచ్చింది. తండ్రీకూతుళ్లిద్దరూ నోరెళ్లబెట్టారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఏ తాళాన్నీ చూసి నమ్మలేదు.

నాన్న పోయేనాటికి ఆమె ఇంకా బడిలోనే ఉంది. అక్క చదువు మానేసి, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ ముందు కూర్చుంది. ఆ చొక్కాలు ఎవరెవరి ఒంటి మీద తిరుగుతున్నాయో గానీ, వాటి మీద వచ్చిన జీతంతోనే చెల్లెలు కంప్యూటర్ చదువు పూర్తి చేసింది. అక్క ఈ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే గొళ్లేనికి అది మరీ బరువు. అక్కకి తలనొప్పి అంటే చాలు, ఈవిడకి కాళ్లూ చేతులూ ఆడవు.

చదువయ్యాక గొళ్లెం చేరిన కంపెనీ చిన్నది. ఫ్యాక్టరీల్లో, హాస్టళ్లలో కరెంటు మీద నడిచే తలుపులకి ప్రోగ్రాములు రాసివ్వడం దాని పని. పేరు చూసి ఇచ్చినట్టు ఆమెకి తగిన ఉద్యోగమే దొరికిందని అక్క తెగ నవ్వింది. ఆ నవ్వు పూర్తిగా ఆగకముందే అక్క పనిచేసే ఫ్యాక్టరీయే ఈ కంపెనీకి తలుపుల పని అప్పగించింది.

ఆ ఫ్యాక్టరీలో పని వేళల్లో తలుపులన్నీ మూసే ఉంటాయి. బట్ట ఎక్కడ బయటికి నడిచిపోతుందోనని యజమానికి ప్రాణం మీదికొచ్చినంత బెంగ. అందుకని కరెంటు పోయినా తెరుచుకోని మొండి తాళాలు ఏరికోరి పెట్టించాడు. అవి తెరుచుకోవాలంటే ప్రోగ్రాం చెప్పాలి, లేదా గేటు దగ్గర కాపలా మనిషి మొలకి వేలాడే గుత్తిలోంచి తాళంచెవి రావాలి. మంటలు లేస్తే నడవాలో ఉన్న ఎర్ర పెట్టె అద్దం పగలగొట్టి మీట నొక్కాలి. అప్పుడు ప్రోగ్రాం అన్ని తలుపుల్నీ తెరుస్తుంది. లోపల మిషన్ల ముందు కూర్చున్నవాళ్ల ప్రాణాలు ఆ ప్రోగ్రాం మీద ఉన్నాయని అక్కడ ఎవరూ అనుకోరు. గొళ్లెం మాత్రం రోజూ అనుకుంటుంది. అక్క కూర్చునేది వెనక హాలులో. దానికి ఉన్నది ఒకటే తలుపు.

ఇక్కడ ఆ ప్రోగ్రాం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆ రోజు ఆమె ఎందుకంత పిచ్చిదానిలా పరిగెత్తిందో అర్థం కాదు. ప్రోగ్రాంలో తలుపులన్నీ ఒకే ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. ఆబ్జెక్ట్ అంటే పేర్లు అంటించిన అరల బీరువా అనుకోండి. ఒక్కో అర మీద ఒక్కో పేరు, లోపల ఆ పేరుగల వస్తువు. ఈ అరల్నే ప్రాపర్టీలంటారు. మీట నొక్కగానే ప్రోగ్రాం మొదటి అర నుంచి చివరి అర దాకా వరసగా తిరిగి, ఒక్కో తలుపునీ తెరుచుకోమంటుంది. ఆ తిరగడం పేరు లూప్.

వాళ్లు రాసేది టైపులున్న భాష. ఏ అరలో ఏ రకం వస్తువుంటుందో ముందే రాసివ్వాలి. ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ అనే తనిఖీదారు అంతా చదివి, తేడా కనపడిన చోట ఎర్ర గీత గీస్తుంది. దానికో మొండితనం ఉంది. అరల పేర్ల మీద లూప్ తిప్పబోతే, ఈ పేర్లన్నీ తలుపులవేనని నేను పూచీ పడనంటుంది. రాసేవాళ్లకి ఒళ్లు మండిపోతుంది. ఇందులో తలుపులుంటాయని టైపులో రాసిచ్చాం కదా, ఇంకేం కావాలి దీనికి? కానీ కంపైలర్ మాటే నిజం. ఈ తలుపులు తప్పకుండా ఉంటాయని చెప్పడం వరకే టైపు పని. ఇంకేమీ ఉండవని అది ఎక్కడా చెప్పదు. ప్రోగ్రాం నడిచే వేళకి ఫ్యాక్టరీవాళ్లు తలుపుల పేర్లు రాసుకునే సెట్టింగుల ఫైల్లోంచి ఏ కొత్త పేరైనా వచ్చి దూరొచ్చు. పాత ఆబ్జెక్ట్ నుంచి వారసత్వంగా వచ్చిన అర కూడా వరసలో నిలబడొచ్చు.

దీనికి చాలామంది చేసే చిట్కా ఒకటుంది. పక్కన 'యాజ్' అని చిన్న మాట చేరిస్తే చాలు. నాకు తెలుసు, నువ్వు నోరు మూసుకో అని కంపైలర్‌కి చెప్పినట్టు. ఎర్ర గీత చటుక్కున మాయమవుతుంది, లోపలి సరుకు మాత్రం అలాగే ఉంటుంది. గొళ్లెం ఆ మాట ఎప్పుడూ వాడలేదు. ఆమె రాసిన లూప్, మీట నొక్కినప్పుడే కాదు, సెట్టింగులు మారినప్పుడల్లా ఒక్కో పేరునీ నిలబెట్టి అడుగుతుంది: నువ్వు ఈ ఆబ్జెక్ట్ సొంత అరవేనా? నీలో ఉన్నది నిజంగా తలుపేనా? కాకపోతే దాన్ని పక్కన పెట్టి, ఫ్యాక్టరీ ఆఫీసులోని తెర మీద 'తెలియని పేరు' అని పసుపు గీత చూపించి, తర్వాతి తలుపుకి వెళ్లిపోతుంది. తోటివాళ్లు దీన్ని గొళ్లెం గారి విచారణ అని వెక్కిరించేవాళ్లు. ఆమె చెవిన వేసుకునేది కాదు.

ఆ వెక్కిరించేవాళ్లలో మొదటివాడు టీమ్ లీడర్. మనిషి మంచివాడే. ఏ పని అడిగినా "అయిపోయింది" అనడం ఆయనకి ఊతపదం, మొదలుపెట్టని పనికైనా సరే. దాంతో అందరూ ఆయన్ని చాటున అయిపోయింది గారు అనేవాళ్లు. క్లయింట్ ఫోన్ చేస్తే ఆయన కుర్చీలోంచి సగం లేచి మాట్లాడతాడు. నెమ్మదిగా ఆలోచించే వాళ్లని చూస్తే ఆయనకి ఊపిరాడదు.

అమ్మకి కంటి పరీక్ష ఉందని గొళ్లెం ఒకరోజు సెలవు పెట్టింది. మర్నాడు ఉదయం వచ్చి, అలవాటు కొద్దీ, తను లేనప్పుడు ఎవరేం మార్చారో చూడటం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ తలుపుల లూప్ దగ్గర చేయి ఆగిపోయింది. ఆమె విచారణ మొత్తం లేచిపోయింది. దాని స్థానంలో ఒకే ఒక్క పంక్తి ఉంది, ఆ పంక్తిలో 'యాజ్' ఉంది.

"అన్నా, ఈ లూప్ ఎవరు మార్చారు?"

"నేనే. నిన్న ఫ్యాక్టరీ మేనేజర్ గారు ఒంటికాలి మీద లేచారు. తెర మీద పసుపు గీత వస్తోందట, వచ్చేపోయేవాళ్ల ముందు పరువు పోతోందట. తీసేశా. నిన్న సాయంత్రమే వాళ్లకి పంపించేశాం. అయిపోయింది."

"పసుపు గీతలో ఏ పేరుంది?"

"ఏదో ఉందిలే."

"ఏ పేరన్నా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "సైరన్ అనుకుంటా. వాళ్ల ఎలక్ట్రీషియన్ కొత్తగా ఓ సైరన్ పెట్టాడట. అదీ తలుపుల్ని నడిపే మన డబ్బా నుంచే నడుస్తోంది కదా అని, సెట్టింగుల్లో తలుపుల పక్కనే రాసేశాడు. మోగుతోందిగా, ఏంటి నష్టం?"

గొళ్లెం గబగబా సెట్టింగుల ఫైలు తెరిచింది. గేటు, ఆఫీసు, కత్తిరింపు గది, ఇస్త్రీ గది. సైరన్ తగిలించింది ఇస్త్రీ గది గోడకి కాబట్టి, ఎలక్ట్రీషియన్ దాన్ని ఆ పేరు కిందే రాశాడు. దాని కింద వెనక హాలు. పేర్లు ఏ వరసలో ఉంటే లూప్ ఆ వరసలోనే తిరుగుతుంది. ఇస్త్రీ గది దాకా తలుపులు తెరుచుకుంటాయి. తర్వాత ప్రోగ్రాం సైరన్‌ని తెరుచుకోమంటుంది. సైరన్‌కి మీట నొక్కగానే మోగడమే గానీ తెరుచుకోవడం అనేదే లేదు. ప్రోగ్రాం అక్కడ తప్పు దొర్లిందని ఆగిపోతుంది. ఆ కింద ఉన్న పేరు దాకా అది వెళ్లనే వెళ్లదు.

"వెనక హాలు తెరుచుకోదన్నా."

"నిన్న తలుపులన్నీ పరీక్ష చేశారమ్మా. అన్నీ తెరుచుకున్నాయి."

"ఒక్కొక్కటీ విడిగా నొక్కి చూసుంటారు. మీట నొక్కి చూశారా?"

ఆయన తెర వైపు ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, సరిచేద్దాం. కానీ కొత్తది ఎక్కించాలంటే వాళ్ల డబ్బా ఆపి మళ్లీ వెయ్యాలి. పని అయిపోయాక సాయంత్రం తప్ప వాళ్లు ఒప్పుకోరు. ఈ ఒక్క పూటలోనే కొంపంటుకుంటుందా ఏంటి?" అన్నాడు.

అంటుకోదని ఆమె కూడా అనుకోవాలని చూసింది. వల్ల కాలేదు. ఇస్త్రీ గదిలో బట్ట కమురు వాసన రాని రోజు లేదని అక్కే చెబుతూ ఉంటుంది.

ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసింది. పసుపు గీత పోయింది, ఇప్పుడు బాగుంది, ఇక ముట్టుకోవద్దని ఆయన హుకుం. సాయంత్రం దాకా వెనక హాలు తలుపు తెరిచి ఉంచమని బతిమాలింది. "తెరిచి పెడితే బట్ట నడిచిపోతుంది మేడం. ఇవాళ సరుకు వెళ్లాలి, లారీ వచ్చి నిలబడింది, నన్ను వదలండి" అని ఆయన పెట్టేశాడు. అక్కకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పనిలోకి వచ్చేటప్పుడు అందరూ ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పడేసి వెళ్లాలి. అక్క ఫోన్ ఆ పెట్టెలో మోగుతూ ఉంటుంది.

గొళ్లెం లాప్‌టాప్ సంచిలో వేసుకుని లేచింది. "ఎక్కడికి?" అని అయిపోయింది గారు అడుగుతూనే ఉన్నాడు. ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒక ముసలమ్మ దిగడానికి సంచులన్నీ సర్దుకుంటుంటే గొళ్లేనికి ఆమెని ఎత్తి కింద పెట్టేద్దామన్నంత ఆత్రం వచ్చి, వెంటనే సిగ్గేసింది. కిటికీలోంచి ఫ్యాక్టరీ వైపు పొగేమైనా కనపడుతుందేమోనని మెడ చాచి చూస్తూ కూర్చుంది. ఒకచోట నిజంగానే కనపడి సీట్లోంచి లేచింది. చూస్తే ఎవరో చెత్త తగలబెడుతున్నారు.

గేటు దగ్గర కాపలా ముసలాయన ఆమెని గుర్తుపట్టాడు. అక్క కోసం ఆమె అప్పుడప్పుడు వచ్చి నిలబడేది. తలుపుల కంపెనీ కార్డు చూపిస్తే లోపలికి వదిలాడు.

మేనేజర్ గది అద్దాలది. ఆమె ఆయన ముందు లాప్‌టాప్ తెరిచి, తలుపులన్నీ నడిపి చూపించింది. తెర మీద గేటు పచ్చబడింది, ఆఫీసు పచ్చబడింది, కత్తిరింపు గది, ఇస్త్రీ గది పచ్చబడ్డాయి. సైరన్ ఎర్రబడింది. వెనక హాలు పేరు ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉండిపోయింది.

"ఇది మీ కంప్యూటర్లో కదా మేడం. నా తలుపు నిన్న నా కళ్ల ముందే తెరుచుకుంది."

"అయితే ఒక్కసారి మీట నొక్కి చూద్దాం సార్. తెరుచుకుంటే నేనే తప్పు ఒప్పుకుని వెళ్లిపోతాను."

"మీట నొక్కితే సైరన్ మోగుతుంది. సైరన్ మోగితే మిషన్లు ఆగుతాయి. మిషన్లు ఆగితే లారీ ఆగుతుంది. లారీ ఆగితే యజమాని నా పీక పిసుకుతాడు. సాయంత్రం రండి."

"సాయంత్రం దాకా లోపల మనుషులున్నారు సార్."

"రోజూ ఉంటారు" అని ఆయన ఫోన్ ఎత్తుకున్నాడు. ఆ మాటలో క్రూరత్వమేమీ లేదు, విసుగు మాత్రమే ఉంది. గొళ్లేనికి ఆ విసుగు చూస్తేనే ఒళ్లు భగ్గుమంది.

ఆమె నడవాలోకి వచ్చింది. నేల నిండా దారపు పోగులు. ఇస్త్రీ గది సందుల్లోంచి ఆవిరితో పాటు వేడెక్కిన బట్ట వాసన వస్తోంది. గోడకి ఎర్ర పెట్టె. నడవా చివర, బట్ట తానులు పేర్చిన చోటు పక్కన, వెనక హాలు ఇనప తలుపు. దాని అవతల మిషన్ల హోరు. ఆ హోరులో ఒకటి అక్కది.

నొక్కకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. నొక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. నిజంగానే మంటలనుకుని లోపలివాళ్లంతా ఒక్కసారిగా తలుపు మీద పడతారు, తలుపు తెరుచుకోదు, తొక్కిసలాట అవుతుంది. ఆ తొక్కిసలాటలో అక్క ఉంటుంది. ఆమె గేటు దగ్గరికి తిరిగి వెళ్లి ముసలాయన్ని పక్కకి పిలిచింది.

"పెద్దాయనా, వెనక హాలు తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా. నాతో రండి. ఆ తలుపు దగ్గర నిలబడండి చాలు."

"ఎందుకమ్మా?"

ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది: తను మీట నొక్కుతుంది, తలుపు తెరుచుకోలేదని అందరూ చూస్తారు, మరుక్షణమే ఆయన చెవి తిప్పి తెరవాలి. ముసలాయన లారీ వైపు చూశాడు, అద్దాల గది వైపు చూశాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు.

"నాదీ పోతుంది పెద్దాయనా. మా అక్క లోపలుంది."

ఆయన గుత్తి చేతిలోకి తీసుకుని ముందు నడిచాడు. తలుపు దగ్గర ఒక్కో చెవీ పెట్టి చూసి, చివరికి ఒకటి లోపలికి దిగగానే "ఇదే" అన్నాడు.

"తిప్పి చూడండి."

"తిప్పితే ఆఫీసులో దీపం వెలుగుతుందమ్మా, ఆయన ఇప్పుడే పరిగెత్తుకొస్తాడు. నన్ను గేటుకి తోలేస్తాడు, నిన్ను బయటికి తోలేస్తాడు. చెవి దిగింది కదా, తిరక్కుండా ఎక్కడికి పోతుంది?"

నిజమే, దీపం వెలుగుతుంది. ఆ దీపం పెట్టిన ప్రోగ్రాం కూడా ఆమెదే. గొళ్లెం ఒక్క క్షణం ఆ తాళంచెవి వైపు చూసి, సరేనని తలూపింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లాగి చూడకుండా ఆమె ఒప్పుకున్న తాళం అదొక్కటే.

ఎర్ర పెట్టె దగ్గరికి వెళ్లి మోచేత్తో అద్దం పగలగొట్టి మీట నొక్కింది.

సైరన్ చెవులు చిల్లులు పడేట్టు మోగింది. ఖట్‌మని గేటు తాళం తెరుచుకుంది. ఖట్‌మని ఆఫీసు. కత్తిరింపు గది. ఇస్త్రీ గది తలుపు తెరుచుకుని మనుషులు ఆవిరిలోంచి బయటికి దూసుకొచ్చారు. తర్వాతి చప్పుడు కోసం ఆమె చెవి ఒగ్గింది. అది రాలేదు.

వెనక హాలులో మిషన్లు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. అవి ఆగాక లోపలి కేకలు వినపడ్డాయి. ఆ వెంటనే తలుపు మీద దెబ్బలు, ముందు ఒకటీ అరా, తర్వాత లెక్కలేనన్ని.

"తిప్పండి పెద్దాయనా!"

ముసలాయన తిప్పుతున్నాడు. చెవి తిరగడం లేదు. ఎన్నాళ్లుగా ఎవరూ తిప్పని తాళం, లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గొళ్లెం ఆయన చేతుల మీద తన చేతులు వేసి బలమంతా పెట్టింది. చెవి అరచేతిలోకి దిగింది గానీ తాళంలో కదల్లేదు. లోపలి నుంచి ఎవరో "పొగ!" అని అరిచారు. పొగ లేదు. భయపడ్డవాళ్లకి ఉన్నట్టే అనిపిస్తుంది.

"మంటలు లేవు! మంటలు లేవు, తోసుకోకండి!" అని గొళ్లెం తలుపుకి నోరు ఆనించి అరిచింది. సైరన్ హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు. అవతల అక్క గొంతు వినపడింది. అక్క ఎవరినో "వెనక్కి జరగండే, దాన్ని లేవనియ్యండి, దాన్ని తొక్కకండి" అని గదమాయిస్తోంది. ఆ గొంతు వినగానే గొళ్లేనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇదంతా నేను చేసిందే, నేనే చేశాను అనే మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

కత్తిరింపు గదిలోంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన పరిస్థితి చూసి, చేతిలో ఉన్న పొడుగు కత్తెరని మూసి, తాళంచెవి వెనక కన్నంలోకి దూర్చాడు. దాన్ని పట్టుకుని ముగ్గురూ కలిసి తిప్పారు. కీచుమని తాళం తిరిగింది.

తలుపు వాళ్ల మీదికే వచ్చిపడింది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని బయటికొచ్చారు. ఒకామె చెప్పులు లేకుండా వచ్చింది, ఇంకొకామె చేతిలో సగం కుట్టిన కాలర్ అలాగే ఉంది. కిందపడిన అమ్మాయిని ఇద్దరు మోసుకొచ్చారు, కాలు బెణికింది గానీ మనిషి బాగానే ఉంది. అందరికంటే చివర అక్క వచ్చింది. కుడి చేతి పిడికిలి మీద చర్మం లేచిపోయి రక్తం కారుతోంది.

"మంట ఎక్కడ? పొగేదీ?" అంది అక్క.

"లేదక్కా. మీట నేనే నొక్కాను. తలుపు తెరుచుకోదని తెలిసి..."

మాట పూర్తికాకముందే చెంప ఛెళ్లుమంది. అక్క ఆమెని కొట్టడం అదే మొదలు. కొట్టిన చేతి రక్తం చెల్లెలి చెంపకి అంటింది. అక్క దాన్ని చూసి, కొంగుతో తుడిచింది. తుడుస్తుంటే గొళ్లెం పొద్దున మేనేజర్‌కి ఫోన్ చేసిన దగ్గర్నుంచీ జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

మేనేజర్ నడవా అంతా దద్దరిల్లేలా అరుచుకుంటూ వచ్చాడు. ఎవరు నొక్కారు, ఎవరి అనుమతితో నొక్కారు, లారీకి ఎవరు సమాధానం చెబుతారు అంటూ ఆయన అంటుంటే, ఆడవాళ్లు ఆయన్నీ తలుపునీ మార్చి మార్చి చూశారు. అక్క ఆయన ముందుకి వెళ్లింది.

"సార్, సైరన్ మోగింది. అందరి తలుపులూ తెరుచుకున్నాయి. మా తలుపు తెరుచుకోలేదు. మా చెల్లెలు మీకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిందా, లేదా?"

ఆయన ఆ మాట దాటేసి, లోపలికి వెళ్లి పని మొదలుపెట్టమన్నాడు. ఒక్కరూ కదల్లేదు. తలుపు ఊడదీస్తే వెళ్తామంది అక్క. వెనక నుంచి అందరూ అదే అన్నారు. గేటు బయట లారీ డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఏ లారీ పేరు చెప్పి కాదన్నాడో, ఆ లారీ కోసమే మేనేజర్ ఒప్పుకోవాల్సి వచ్చింది. మేస్త్రీయే బందులు విప్పి తలుపుని ఊడదీసి బట్ట తానులకి ఆనించాడు. ఆ తర్వాతే మిషన్లు మళ్లీ మొదలయ్యాయి.

గొళ్లెం ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఆమె మీద ఫిర్యాదు ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది. కంపెనీ యజమాని గదిలోకి పిలిచి, క్లయింట్ ఫ్యాక్టరీలో అనుమతి లేకుండా మీట నొక్కే అధికారం ఎవరిచ్చారని నిలదీశాడు. ఎవరూ ఇవ్వలేదంది. ఉద్యోగం సంగతి ఆలోచించి చెబుతానన్నాడు. ఆమె తన కుర్చీకి వచ్చి, ఆ 'యాజ్' తీసేసి లూప్ మళ్లీ రాసింది. ఈసారి లూప్ ఆబ్జెక్ట్ అరల మీద తిరగదు. తలుపుల పేర్లు విడిగా రాసిపెట్టి, ఆ పేర్ల మీదే తిరుగుతుంది. ఒక తలుపు మొరాయించినా మిగతావాటి దగ్గరికి ఆగకుండా వెళ్తుంది. సెట్టింగుల్లో కొత్త పేరేదైనా కనపడితే పసుపు గీత మళ్లీ వస్తుంది, ఎవరి పరువు పోయినా సరే.

అయిపోయింది గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె రాయడం పూర్తిచేసి చేతులు తీశాక, ఆయన అలవాటు మాట అనబోయి ఆగి, "మీట నొక్కి చూద్దామా?" అని అడిగాడు. సాయంత్రం పని వదిలాక ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్లి, ఎవరూ లేని గదుల మధ్య మీట నొక్కి, చివరి తాళం ఖట్‌మనే దాకా నిలబడి వచ్చారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కంచాలు పెట్టింది. అక్క కుడి చేతికి కట్టు ఉంది, ఎడం చేత్తో తినడం రాక ముద్దలు జారవిడుస్తోంది. గొళ్లెం చెంప ఇంకా కందే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

భోజనం మధ్యలో గొళ్లెం లేవబోయింది. అక్క కట్టున్న చేత్తో ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్లింది. గొళ్లెం పడిందో లేదో లాగి చూస్తుందని చెల్లెలు అనుకుంది. అక్క గొళ్లెం తీసింది. తలుపు బార్లా తెరిచింది. చల్లగాలి లోపలికి వచ్చింది, వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్తూ ఇటు చూశారు. అక్క గడప మీద కాసేపు నిలబడి, తలుపు వేసి, గొళ్లెం పెట్టి, మళ్లీ తీసి చూసి, మళ్లీ పెట్టింది.

తిరిగొచ్చి కంచం ముందు కూర్చుని, "తెరుచుకుంటోంది. తిను" అంది.